జానెడు నీడ

రోహిణి కార్తె రెండో రోజు.
బారువ ఒడ్డున ఇసక అట్లపెనం.
తిరగేసిన పాత పడవ పక్కన
నేనూ, కారమ్మత్తా, ఒక కుక్కా.
నీడ జానెడే ఉంది.
ముందొచ్చింది కుక్కే గనక
మంచి చోటు దానిది.

"ఓడలో సల్లగుంటాదట కదేటిరా?"
చోడి అంబలి లోటా నా చేతికిస్తూ
అడిగింది అత్త.

ఏం చెప్పను?
ఎదురుగా, నీళ్ల అడుగున
తాతల నాడు కాలి మునిగిన స్టీమరుంది.
చల్లగా ఉన్న ఓడ
నాకు తెలిసి అదొక్కటే.

నేనెక్కినది పదమూడంతస్తులు.
మన ఊరంతా ఎక్కినా ఇంకా గదులు మిగుల్తాయి.
నా పని మాత్రం నీటి గీతకి దిగువన,
కిటికీ లేని లాండ్రీలో.
నెత్తికి పైన సముద్రం,
ఒక్క పాయ గాలి రాదు.
ఎనిమిది డ్రయ్యర్లు నోళ్లు తెరిచి
మొహం మీదే ఊపిరి వదుల్తాయి.
రోజుకి నాలుగు వేల తువ్వాళ్లు.
ఎవరెవరి ఒళ్లో తుడిచినవి,
కొబ్బరి వాసన క్రీములు, ఉప్పు, ఎండ.

పై డెక్కు మీద మైకులో ఒకమ్మాయి
నాలుగు భాషల్లో జాగ్రత్తలు చెప్పేది.
నీళ్లు తాగండి. టోపీ మరవకండి.
మిట్టమధ్యాహ్నం నీడ వదలకండి.
అయిదో భాషలో ఎవరూ చెప్పలేదు.
"ఎండ దేశపోడివి, నీకేం?" అనేవాడు సూపర్వైజరు.
ఎండ వేరు, ఉడుకు వేరు అని
వాడికి ఏ భాషలో చెప్పాలో తెలియలేదు.

భూమధ్యరేఖ దాటిన రోజు
పైన కేకు కోశారు.
కింద, పక్క మిషను దగ్గర జోసెలిటో
నిలబడ్డవాడు నిలబడ్డట్టే జారిపోయాడు.
వాడి మాట నాకు రాదు, నా మాట వాడికి రాదు.
వడదెబ్బకి మా అమ్మ చేసేదే చేశాను.
బెల్టు వదులు చేశాను,
చంకల్లో తడిగుడ్డలు కుక్కాను,
వంటగదికి పరిగెత్తి
అన్నం వార్చిన నీళ్లు అడుక్కుని
ఉప్పేసి, స్పూనుతో, చుక్క చుక్కగా.
కళ్లు తెరిచి ఏదో అన్నాడు.
దేవుణ్ణి తల్చుకున్నాడనుకున్నాను.
వారం పోయాక తెలిసింది,
"ఇంకొంచెం" అన్నాట్ట.

తరవాత నన్ను పైకి, గదుల పనికి మార్చారు.
తువ్వాళ్లతో ఏనుగులు, హంసలు చేసి
పక్కల మీద పెట్టడం నేర్పారు.
ఏడొందల పన్నెండులో ఒక ముసలమ్మ ఉండేది.
ఎండకి జడిసి మూడు రేవుల్లోనూ దిగలేదు.
మీ ఊళ్లో ఎలా బతుకుతారని అడిగింది.
నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను:
ఎండతో కొట్లాడం.
పక్కకి తప్పుకుంటాం.
అది జరిగితే మేమూ జరుగుతాం.
మర్నాడు చూస్తే,
తాళ్లకి వేలాడే చిన్న పడవ కింద
కుర్చీ వేసుకుని కూర్చుంది.
నీడ జరిగినప్పుడల్లా లేచి
కుర్చీ లాక్కుంటోంది.
నన్ను చూసి చెయ్యూపింది.

ఇదంతా వినలేదు అత్త.
సగంలోనే కునుకు తీసింది.
లేచాక, ఊరికే ఉండలేక,
నా భుజం మీది తువ్వాలు కడవలో ముంచి
ఏనుగుని చేసి ఇసక మీద నిలబెట్టాను.
అటూ ఇటూ తిప్పి చూసింది.
"తొండం బాగుంది గానీ..." అని
ఒక్క దులుపు దులిపి
మెలిపెట్టి, చుట్ట చుట్టి,
నెత్తి మీద పెట్టుకుని
దాని మీద ఎండు నెత్తళ్ల గంప ఎత్తుకుంది.
"సల్లగుందిరా" అంది.
ఏనుగు చెవుల్లోంచి రెండు చుక్కలు
ఆవిడ కణతల మీదుగా జారాయి.
సోంపేట బస్సుకి వేళయింది.
ఎండలోకి నడిచిపోయింది.

నీడ ఇంకాస్త జరిగింది.
కుక్క లేచి ఒళ్లు విరుచుకుని జరిగింది.
దాని వెనకే
నేనూ జరిగాను.