సింగిల్ కాలం

కొత్తవాడ చేనేత సంఘం హాల్లో
నెలకో ఆదివారం ప్రపంచం గురించి మాట్లాడతారు.
నలభై కుర్చీలు, పదిహేడు మంది.
పోయిన ఎన్నికలప్పటి ఫ్లెక్సీ తిరగేసి
దాని మీద నీలిరంగుతో, చేత్తో గీసిన ఎర్రసముద్రం.

నేను విలేకరిని.
సెంటీమీటరుకింత అని నా లెక్క.
ముందు పేర్లు రాసుకుంటాను:
అధ్యక్షత ఎవరు, ముఖ్య అతిథి ఎవరు,
శాలువా ఎవరు కప్పారు.
మనిషి పేరు తప్పు పడితే తెల్లారేసరికి ఫోనొస్తుంది.
దేశం పేరు తప్పు పడితే
ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

తౌఫీఖ్ సార్ కాజీపేటలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినాయన.
కర్ర కొసతో సూయెజ్‌ను తాకి
"ఇది మన అండర్ బ్రిడ్జి అనుకోండి,
ఒక్క లారీ ఇరుక్కుంటే ఊరు రెండు ముక్కలు" అన్నాడు.
అందరూ నవ్వారు.
నేను రాసుకోలేదు, వార్తలో నవ్వుకు జాగా ఉండదు.

అప్పుడు వెనక వరసలోంచి ఆడెపు భూలచ్చమ్మ లేచింది.
కండెలు చుట్టే చేతులు,
గోళ్ల సందుల్లో ఇంకా పచ్చరంగు.
"సారూ, మా జంపఖానాల మూట
ఏ నీళ్ల మీదున్నదో జెర ఆ పటంల సూపియ్యున్రి.
ఆర్నెల్లాయె, పైసలు రాలే.
ఆడ కొట్లాట ఎవలెవలిదో నాకెర్కలే.
మా మగ్గానికైతే చెప్పి మొదలువెట్టలే."

సార్ కర్ర ఎత్తాడు.
ఏడెన్ దాకా పోయాడు, వెనక్కొచ్చాడు,
ఆఫ్రికా కింది నుంచి చుట్టూ తిప్పాడు.
ఎక్కడా ఆనించలేదు.

రాత్రి డెస్కుకు పంపాను,
భూలచ్చమ్మతోనే మొదలుపెట్టి, మూడొందల మాటలు.
పొద్దున పదకొండో పేజీలో, బోరుబావుల ప్రకటన కింద:
'అంతర్జాతీయ పరిణామాలపై అవగాహన అవసరం'.
ఆ మాట ఎవరన్నారో నాకు తెలియదు,
హాల్లో అయితే ఎవరూ అనలేదు.
వేదిక మీది పేర్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పు పోలేదు.
ఫోటోలో శాలువా.
తొమ్మిది సెంటీమీటర్లు.

సంఘం కార్యదర్శి సంబరపడి
నాలుగు కాపీలు కొన్నాడు.

నేనొకటి పట్టుకుని భూలచ్చమ్మ ఇంటికి పోయాను,
ఎందుకు పోయానో!
ఆమె రాట్నం ఆపి, వార్త మీద చెయ్యి పరిచి కొలిచింది.
"జానెడు సుత లేదు గదనే."
తర్వాత ఫోటోను వెలుగు దిక్కు తిప్పింది.
శాలువా పక్కన మిగిలిన కాస్త నీలాన్ని
వేలితో వెతికింది చాలాసేపు.

"గీ సాలువ ఎనుకనే ఉన్నట్టున్నది
మా మూట."