తూర్పు కొస

మూడొందల అడుగుల నేల.
చూసేవాళ్లకి అంతా ఒకటే ఎరుపు.
సిలారుకి మాత్రం పాదం మోపితే తెలుస్తుంది:
ఇక్కడ గరుసు, అక్కడ చవుడు,
తూర్పు కొసన, బండ మలుపు తిరిగే చోట
పూడ్చేసిన పాత బావి, నల్లమట్టి.

రాత్రి ట్యాంకరుతో రెండు తడులు చల్లాడు.
తడి చాలకపోతే గిట్ట జారుద్ది,
ఎక్కువైతే నేలే బండని పట్టుకుంటది.
రోలరు మూడుసార్లు తిప్పాడు.
నాలుగోసారికి డీజిలు అయిపోయింది.

తెల్లారి చీమకుర్తంతా మైకు.
ఆరు పళ్ల విభాగం, నాగులుప్పలపాడు జత.
నురగలు, కేకలు, బండ కింద
కాలిన మట్టి వాసన.
ఆరో మలుపులో దాపటెద్దు
జానెడు దిగబడింది.
పెగల్చుకుని లేచింది గానీ
అప్పటికే ఈల వేసేశారు.

రెండంగుళాల్లో పోయింది పందెం.
"దాపటిదానికి దమ్ము చాల్లేదబ్బా" అన్నారెవరో.
నేల సంగతి ఎవరూ అడగలేదు.

షామియానా విప్పుతుంటే
సిలారు ఒక్కడే పోయి
ఆ గిట్ట గుంటలో చెయ్యి పెట్టాడు.
మణికట్టు దాకా దిగింది.

ఎద్దు కోసం రోడ్డు దాకా పరిగెత్తాడు.
లారీ కదిలిపోయింది.

ఇంటి దగ్గర కూతురు చెంబుతో నీళ్లిస్తే
చేతి నల్లమట్టి చూసుకుంటూ
"ఇంకాసేపు ఉండనీ" అన్నాడు.