నాలుగు కాళ్ల లెక్క

కాశీబుగ్గ కాలేజీ జువాలజీ ల్యాబులో
చీటీలు రాసే పని నాది.
అద్దాల పెట్టెల్లో కలరా ఉండల వాసన,
గుండుసూదుల మీద నలభై ఏళ్ల నాటి రెక్కలు.

ఈసారి దమయంతి మేడమ్ కొత్త జాబితా ఇచ్చారు.
డనాయిడే లేదు, సటిరిడే లేదు, అక్రయిడే లేదు.
వేరుకాపురాలన్నీ రద్దు.
అందరిదీ ఇప్పుడొకటే ఇంటిపేరు, నింఫాలిడే.
పాత కుటుంబాలు ఉపకుటుంబాలై
ఒకే పొయ్యి దగ్గరికి వచ్చేశాయి.

"ఎలా కలిపారండీ?" అంటే
భూతద్దం చేతికిచ్చి
"కాళ్లు లెక్కపెట్టు" అన్నారు.

నాలుగు.
మళ్లీ లెక్కపెట్టాను. నాలుగే.
ముందు రెండూ రొమ్ము దగ్గర ముడుచుకుని
నూగున్న చిన్న కుంచెల్లా.
నడవడానికి పనికిరావు.
గుడ్డు పెట్టేముందు ఆడది వాటితో
ఆకుని తట్టి రుచి చూస్తుందట,
జీడిపిక్క మంచిదో కాదో
మా అమ్మ గోటితో తట్టినట్టు.

రాస్తూ పోయాను.
జిల్లేడు తిన్నది ఒక వరస,
ఆముదం తిన్నది ఇంకో వరస,
వరిదుబ్బుల్లో పుట్టి దీపాలవేళ ఇంట్లోకొచ్చే మట్టిరంగుది
కొబ్బరాకు తిన్నదానికి చుట్టం.
బేరన్ దగ్గర చెయ్యి ఆగింది.
దాని గొంగళి ఆకు నడి ఈనె మీద పడుకుంటే
అదీ ఆకులో భాగమే అనుకుంటాం.

సాయంత్రం తాళాలతో వచ్చాడు
వాచ్‌మన్ ఢిల్లేసు.
ఉద్దానంలో మూడెకరాలు ఆయనకి,
కొబ్బరీ జీడీ,
ఆ అక్టోబరు రాత్రి దాకా.
పెట్టె మీదికి వంగి చూసి
"అన్నీ ఎట్టినావు గానీ బాబూ,
తిత్లీని ఏ అరలో ఎట్టినావు?"

నవ్వుతాడేమోనని చూశాను.

"తుఫానుకి సీతాకోక పేరెట్టినోడెవడో గానీ
దానికి కాళ్లెన్నో సూళ్లేదు.
తెల్లారి లెక్కలోళ్లొచ్చినారు.
పూర్తిగా పడినవి, సగం పడినవి, ఒరిగినవి,
నా సెట్లని మూడు కుటుంబాలు సేసినారు.
ఒరిగినవాటికి ఏటీ రాలేదు."

ఏమనాలో తెలీక
బేరన్ చీటీ పూర్తి చేశాను.
ఆహారం: మామిడి, జీడిమామిడి.

ఢిల్లేసు వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు.
జీడి అన్న చోట
అద్దాన్ని రెండుసార్లు తట్టాడు.
"అయితే ఇదీ ఎతికే ఉంటాది" అని
లైటార్పేశాడు.