మూడు సెకన్ల ఎలుగుబంటి

ముందు నన్ను నేనే తీసుకున్న.
నల్లగొండ గడియారం వెనక సందుల, రెండో అంతస్తు గది,
స్టూలు మీద ఫోను, అది పడకుండ బియ్యం డబ్బా.
చలికాలమంత పండి లేచే ముసలి ఎలుగుబంటినై
నేల మీంచి లేచిన. మూలిగిన గూడ.
ఇరవై ఆరేండ్ల మోకాళ్లు,
పద్దెనిమిది ఫ్రేములల్ల నిలబడ్డ.
హైదరాబాద్ నుంచి సూపర్‌వైజర్ ఒక్క మాట పంపిండు:
బరువేది?

బరువు కింద మెట్ల పక్కన ఉంది.
పల్లీలు, బఠాణీలు అమ్మే సైదులు.
మర్రిగూడ దిక్కు మనిషి. యాభై నిండలె.
చిన్నప్పటి బోరునీళ్లు బొక్కలల్ల గడ్డకట్టి
మెడ తిరగదు. ఎవరన్న పిలిస్తే
తలుపు తిరిగినట్టు మనిషి మొత్తం తిరుగుతడు.
అడగనీకి మూడు రోజులు పట్టింది నాకు.
"గుడ్డెలుగుకా? నేనా?"
పండ్ల మీది గోధుమ చారలన్ని కనబడేటట్టు నవ్వి
"పైసలిస్తరా మరి?" అన్నడు.
స్టూడియో ఇయ్యదు. నా జేబుల ఐదొందలున్నయి.
"ఒక్కసారి కూసోని లేవు, అంతే" అన్న.
ఆ 'అంతే' ఇంక నాలుక మీదనే ఉంది.

ఫోను సెకనుకు ముప్పై పడుతది, సినిమాకు ఇరవై నాలుగే.
ముందు అది సరిజెయ్యాలె,
లేకుంటే ఆ తేడా ఎన్నడో పాదాలల్ల బయటపడుతది.
సరిజేసి లెక్కపెట్టిన: రెండు వందల అరవై నాలుగు.
పదకొండు సెకన్లు.
షాటు మూడు సెకన్లు, డెబ్బై రెండు.
నూట తొంభై రెండు ఫ్రేముల సైదులును
యాడికెల్లి తీసెయ్యాలె?

మొత్తం ఒక్కతీరుగ బిగించి చూసిన.
చావి తిప్పి ఇడిచిన బొమ్మ తీరు టక్కున లేచిండు.
నవ్వొచ్చింది.
గొంతుల్నే ఆగింది.

ముక్కలు కోసుకుంట మల్ల మొదలువెట్టిన.
కుడిచెయ్యి మోకాలు మీదికొచ్చేది, సగం చాలు.
ఎడమచెయ్యి గోడను దేవులాడేది,
దేవులాట తీసేసి దొరికింది ఉంచిన.
తర్వాత ఏం జరగని తావొకటి.
చెయ్యి గోడ మీదనే, నడుము పీట మీదనే,
నలభై ఫ్రేములు, చడిచప్పుడు లేదు.
ఇదే గదా దండగ అని కత్తెర పెట్టిన.
లేచిన ఎలుగుబంటి దూదిమూట.

తీసింది మల్ల తెచ్చి అతికిచ్చి
ఒక్కొక్క ఫ్రేము వేలుతోని జరుపుకుంట చూసిన.
కదులుతుంది.
దవడ. చెవు కింద ఒక నరం.
చెప్పులకెల్లి బొటనవేలు నేలను పట్టుకునుడు.
ఇగ లేద్దామా అని ఒళ్లు ఒళ్లును అడుగుడు.
బరువంత ఆడ కూసోని ఉంది,
నేను కోసి పారేసిన కాడ.

ఆడ ఇరవై ఎనిమిది ఉంచి
మిగిలిన మనిషిని నలభై నాలుగుల ఇరికిచ్చిన.
పన్నెండు ఎక్కువియ్యమని అడిగితే
పక్క షాటుల కుందేలు కాడ ఆరు దొరికినయి.

రాత్రి తొమ్మిదికి గంప మీద పట్టా కప్పుతుంటే
లాప్‌టాప్ కిందికి తీస్కపోయిన.
ఎలుగుబంటికి ఇంక బొచ్చు రాలె, బూడిదరంగు ముద్ద.
గోడ లేని కాడ చెట్టు పట్టుకోని, ఆగి, లేచింది.
"మంచిగుంది" అన్నడు,
పింఛన్ ఆఫీసుల సారుతోని అన్నట్టు.

వేలు జారి పక్క ఫైలు తెరుచుకుంది.
మొదటిది. బిగించి చూసింది.
మూడు సెకన్లల్ల సైదులు లేచి నిలబడ్డడు.
మూసెయ్యబోయిన, చెవులు కాలుతున్నయి.
"ఆగు బిడ్డా."

తెర దిక్కు మనిషి మొత్తం తిరిగిండు.
"మల్లొకపారి పెట్టు."
పెట్టిన.
"మల్ల."

దేవరకొండ బస్సు దిగినాయన
పది రూపాయల పల్లీలడిగిండు.
సైదులు చెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగు" అన్నడు,
కండ్లు తెర మీదనే.
లోపట ఆయన లేస్తనే ఉన్నడు,
గోడను ముట్టీ ముట్టకుండ.