నాలుగు పౌన్ల పద్నాలుగు

నేను పుట్టినప్పటి తూకం
అమ్మ ఎప్పుడూ గొంతు తగ్గించే చెప్పేది,
తీర్చని చేబదులు మొత్తం చెప్పినట్టు:
నాలుగు పౌన్ల పద్నాలుగు ఔన్సులు.

గ్లాస్గోలో, గోవన్‌లో, మూడో అంతస్తు.
మెట్ల మీద తడిసిన కుక్కల వాసన.
కిటికీలో రేవు క్రేన్లు,
వాటి కింద ఎక్కడో ఓడలకు రివెట్లు కొడుతూ నాన్న.
సిస్టర్ లామంట్ సైకిలు గోడకు ఆనించి పైకొచ్చి
సంచీలోంచి స్ప్రింగు త్రాసు తీసి
నన్ను గుడ్డలో మూటకట్టి కొక్కేనికి తగిలించిందట.
ముల్లు కదలడానికే బద్ధకించిందట.

"ఏం తిన్నావు నెట్టా, ఇన్ని నెలలూ?"

అమ్మ దాచలేదు.
పొద్దున టీ, నల్లగా.
మధ్యాహ్నం రొట్టె, దాని మీద
మూకుడులో పేరుకున్న కొవ్వు.
జీతాల శుక్రవారం చేప.
ఎవరూ చూడనప్పుడు బొగ్గు బకెట్లోంచి ఒక పెచ్చు,
పంటి కింద కరకరమంటుంటే ప్రాణం లేచొచ్చేదట.
ఇక సిగరెట్లు. రోజుకు పది.
ఏడో నెల నుంచి ఇరవై.

"పెంచావా?"
"పెంచాను. కావాలనే."

ఎఫీ అమ్మమ్మను నేను ఎరగను.
ఒక్క ఫొటో ఉంది, పొడుగు గౌను కింద
దొడ్డికాళ్ళు కనపడకుండా కుర్చీ వెనక నిలబడింది.
పొగ కమ్మిన సందుల్లో ఎండ సోకని చిన్నతనం,
పాలు కొనలేని ఇల్లు.
ఎముకలు లేతగా ఉన్నప్పుడు వంగి
అలాగే ముదిరిపోయాయి, కటి ఎముకతో సహా.
ఆ ఇరుకు దారిలో తొమ్మిది పౌన్ల మగబిడ్డ
రెండు రాత్రులు చిక్కుకుపోయాడు.
ఆస్పత్రికి కబురు ఆలస్యంగా వెళ్ళింది.
మూడో పొద్దున ఇద్దర్నీ ఒకే పెట్టెలో.

అమ్మకప్పుడు నాలుగేళ్ళు.
తలుపు ఇవతల, చేతిలో రొట్టె ముక్కతో,
తినొచ్చో కూడదో తెలియక.

అందుకే
మెట్లు కడుగుతున్న ఆడవాళ్ళు
"పొగ తాగితే బిడ్డ చిన్నదవుతుందట" అన్నప్పుడు
అది హెచ్చరిక అనుకోలేదు అమ్మ.
మందు అనుకుంది.

సిస్టర్ లామంట్ ఏమీ అనలేదట.
పుస్తకంలో అంకె రాసి,
సొరుగు ఖాళీ చేసి, దూది పరిచి,
నన్ను అందులో పెట్టి
పొయ్యికి దగ్గరగా జరిపిందట.

చలికాలాలన్నీ నా ఛాతీ ఈల వేసేది.
ఈల మొదలవగానే అమ్మ లేచి
వంటింట్లోకి వెళ్ళేది, మందు కలపడానికి.
ముందు అగ్గిపుల్ల చప్పుడు వినిపించేది.

మొన్న ఆస్పత్రిలో ఒక కాగితం ఇచ్చారు.
మీరు కడుపులో ఉండగా మీ తల్లి పొగ తాగేవారా?
అవును, కాదు: రెండు గళ్ళు.
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
పక్కనున్నామె కళ్ళజోడు కావాలా అని అడిగింది.

నా కొట్లో త్రాసు ఇప్పుడు కిలోలదే,
ఐనా ముసలివాళ్ళు ఐదు పౌన్ల దుంపలనే అడుగుతారు.
తూచి, ముల్లు నిలిచాక,
ఒక్కోసారి ఒక చిన్న దుంప తీసి
చేతిలో పట్టుకుంటాను.
సంచీలో మిగిలిందే నేను,
దాదాపుగా.

"తక్కువ తూస్తున్నావా సెంగా?" అంటారు.
లేదు లేదంటూ ఆ దుంప వెనక్కి వేసి
పైన ఇంకొకటి వేస్తాను.