మేకు

పర్లాకిమిడి బజారులో
కొమ్ము దువ్వెనలమ్మే కొట్టు పక్కన
ఒక మనిషి పట్టేంత సందులో
మా గురువు కింతలి తవిటయ్య పటాలు కట్టేవాడు.
బోర్డు మీద ఒక వరస ఒడియా, కింద వరస తెలుగు.
ఒడియాలో తప్పుందని తెలుగువాళ్ళు,
తెలుగులో తప్పుందని ఒడియావాళ్ళు
చెప్పిపోతూ ఉండేవారు.

దేవుళ్ళ పటాలకి బేరం ఆడనిచ్చేవాడు.
పెళ్ళి ఫొటోలకి అరువిచ్చేవాడు.
అయిదేళ్ళకొకసారి మాత్రం
ఢిల్లీ నుంచి కొత్త మొహం వచ్చేది
గొట్టంలా చుట్టిన కాగితాల్లో,
కచేరీలకి, బళ్ళకి, ఠాణాకి, పశువుల ఆసుపత్రికి.
ఆ వారం కొట్లో బీడీ వెలిగేది కాదు.

అద్దం తుడిచి నా మొహానికెదురుగా పట్టేవాడు.
"మరక కనబడతందా?"
"ఆఁ."
"అద్దం మీదా, నీ మీదా?
తేల్చుకున్నాకే కాయితం ముట్టు."

ఈ పెద్దమనిషిది ఏ ఊరని
నేనడిగితే ఒకసారి విసుక్కున్నాడు.
"బొమ్మ మారతాదిరా గుంటడా, మేకు మారదు.
మనం కొడతన్నది మేకు.
అది వంకరగా దిగిందా,
ఎంతటోడైనా వంకరగానే ఏలాడతాడు."

ఒక ఏడు పెద్ద గుమాస్తా వచ్చాడు
కిళ్ళీ నములుతూ, మెత్తగా.
"రాతలో టేకు, చేతలో ప్లైవుడ్.
మధ్యది మనిద్దరిదీ."
తవిటయ్య మేకుల డబ్బాకి మూత పెట్టాడు.
"బాబూ, ఈ కొట్లో టేకంటే టేకే."
అంతే.
నలభయ్యారు పటాలూ గుణుపురం పోయాయి.
ఆ వానాకాలమంతా మేం నూకల జావ తాగాం.
ఆయన దాన్ని గొప్పగా ఎవరితోనూ చెప్పుకోలేదు.
నేను తిట్టుకున్నాను, లోపల.

ఆయన పోయాక కొట్టు నాదైంది.
మళ్ళీ ఢిల్లీ కాగితాలొచ్చిన ఏడు
అదే కిళ్ళీ వాసన మెట్లెక్కింది.
పిల్లదాని కాలేజీ ఫీజని నాకో కారణం ఉంది.
కారణాలకేం, రంపపుపొట్టు లాంటివి,
ఎంత ఊడ్చినా కాళ్ళకిందే ఉంటాయి.
టేకు అని రాశాను.
నా చేతిరాత ఎప్పుడూ బాగుంటుంది.
ఆ రోజు మరీ బాగుంది.

మొన్న కులధ్రువపత్రం కోసం
తాసీల్దారు కచేరీకెళ్తే
గోడ మీద, వార్నిషు కింద,
నా అబద్ధం నాలుగు వైపులా.
నడుమ ఆ మొహం, ఎవరినీ ఏమీ అడగని మొహం.
సంతకానికి ముందు
ఎన్ని రాత్రులు ఎన్ని కాగితాలు తిరగేశారో,
ఎవరు కిళ్ళీ నోటితో పక్కకొచ్చి
మెత్తగా ఏం చెప్పి చూశారో,
కాదన్నారో, సరేనన్నారో, నాకేం తెలుసు.
కాదన్నారనే నమ్మాలనుంది.
నమ్మడానికి నేనెవరిని?

తుఫాను తడికి చట్రం మూల ఉబ్బింది.
ఉబ్బినచోట పొరలు
కుళ్ళిన అరటిబోదెలా విచ్చుకున్నాయి.
ఒక సవర ముసలాయన, చెప్పులు గుమ్మం బయటే విడిచి,
అర్జీ మడత చంకలో పెట్టుకుని
పటానికి దణ్ణం పెట్టాడు.
నేను కిటికీ వైపు తిరిగాను.
నా వంతు వచ్చి పిలిచినా వినపడలేదు.

నిన్న నిచ్చెన మోసుకుని వెళ్ళాను.
పటం దించితే
గోడ మీద ఆ మేర వెలిసిపోని సున్నం,
పైన మేకు.
తవిటయ్య కొట్టింది. తుప్పు పట్టింది గానీ
తిన్నగా ఉంది.
టేకు చట్రం తగిలించాను.
నిచ్చెన పట్టుకున్న బంట్రోతు అడిగాడు,
"బిల్లు ఎవరి పేర?"
మేకు కేసి ఇంకోసారి చూసి దిగాను.

ఇంకా నలభయ్యయిదున్నాయి.
పిల్లదాని చదువు ఇంకా రెండేళ్ళుంది.