పీజు పీకిన రాత్రులు

వి.కోటలో మా వీధి పదకొండో స్తంభం దీపం
మూడు రాత్రులు నేనే ఆర్పినా.
కంప్లైంటు పుస్తకంలో మాత్రం
పీజు పోయిందని రాసినా.

అడిగింది గౌసియా టీచరమ్మ.
హైస్కూల్లో సైన్సు చెప్తుంది.
మిద్దె మీద సొరపాదు పక్కన
నా తొడంత లావు గొట్టమొకటి పెట్టుకోనుంది.
"చెంగల్రాయులన్నా, ఆ దీపం కంట్లో కారం కొట్టినట్టుంది.
తెల్లారుజాము నాలుగు దాకా
కొంచెం చీకటి అప్పియ్యి" అనింది.

ఇరవై రెండేండ్లుగా
వెలుగు కోసం తిట్లు తిన్నోణ్ణి.
చీకటి అడిగిన మనిషిని
అప్పుడే చూసినా.

గొట్టానికి నేనూ కన్ను ఆనించినా.
ఏముంది? ఒక చుక్క. పక్కన ఇంకో చుక్క.
"ఇది నక్షత్రం. మారదు. మనకు తూకంరాయి.
అది ఉత్త రాయి.
సూర్యుని చుట్టూ పోతా పోతా
తన చుట్టూ తానూ తిరగతా ఉంది.
దాని ఒళ్ళు మనకు ఆనదన్నా,
వెలుగొక్కటే వస్తుంది.
అది పెరిగేదీ తగ్గేదీ రాసుకుంటా పోతే
ఎంతసేపటికొక చుట్టో తేలిపోతుంది."

నేను నమ్మలే.
వంటింట్లో నుంచి ఉర్లగడ్డ తెచ్చి
పుల్లకు గుచ్చి
సెల్లు లైటు ముందర తిప్పింది.
కడుపు తిరిగితే వెలుగెక్కువ,
మొన తిరిగితే తక్కువ.

మూడు నిమిషాలకొక ఫోటో.
పడమట బెంగుళూరు పక్క ఆకాశం పాలిపోయుంది.
టమేటా లారీ ఒకటి సందులో మలుపుకొని
మూడు ఫోటోలు పాడుచేసింది.
రెండో రాత్రి మబ్బు.
చలికి తువ్వాలు తలకు చుట్టుకోని
ఊరికే కూర్చున్నాం.
వాళ్ళాయన టీ పెట్టిచ్చి
మమ్మల్నీ, మబ్బునూ ఒకసారి చూసి
కిందికి పోయినాడు.

మూడో రాత్రి
కంప్యూటర్లో చుక్కలన్నీ చేరి
రెండు గుట్టలయినాయి.
"గుట్టకీ గుట్టకీ మూడు గంటల పది నిమిషాలు!
అదేనన్నా, దాని చుట్టు!"
పిల్ల మాదిరి చప్పట్లు కొట్టింది.

నేను గుట్టల్ని చూళ్ళేదు.
గుంతల్ని చూస్తా ఉండా.
ఒకటి లోతు. రెండోది అంత లోతు లేదు.
ఎప్పుడో చిత్తూరు ఐటీఐలో విన్న మాట
నాలిక మీదికొచ్చింది.

"మేడం, కరెంటు సెకనుకు యాభై చుట్లు తిరిగితే
బల్బు నూరుసార్లు మిణుకుతుంది.
పైకి పోయినప్పుడొకసారి,
కిందికి పోయినప్పుడొకసారి.
మిణుకులు రెండు. చుట్టు ఒకటే."

ఆమె మాట్లాడలేదు.
ఉర్లగడ్డ మళ్ళీ చేతికి తీసుకోని
నిదానంగా తిప్పింది.
ఈ కడుపు. మొన.
ఆ కడుపు. ఇంకో మొన.
"నేను సగమే లెక్కేసినా" అనింది,
నాతో కాదు, ఉర్లగడ్డతో.

నాలుగు గంటలకు స్తంభమెక్కి
పీజు పెట్టినా.
పాత ట్యూబులైటు కొట్టుకోని కొట్టుకోని వెలిగింది.
అరచెయ్యి అడ్డం పెట్టి వేళ్ళాడించినా,
వేళ్ళు తునకలు తునకలుగా కనపడినాయి.
ఇన్నేండ్లు నేను వెలిగించింది
ఆరతా వెలగతా ఉండేదాన్నే.

ఆఫీసులో పుస్తకం తెరిస్తే
"కారణం" గడి కాడ పెన్ను నిలబడింది.
పీజు పోయిందనే రాసినా.
పక్కన, ఏఈ సారుకు ఆననంత చిన్నగా:
ఆరు గంటల ఇరవై నిమిషాలు.